'కార్పస్' : ఒక పదము, దాని వెనుకనున్న శరీరము

క్రొత్త నిబంధన తరగతులలో 'పౌలు కార్పస్' అనే మాట తరచుగా వినబడుతుంది. పౌలు పేరున ఉన్న పదమూడు పత్రికలను కలిపి అలా పిలుస్తాము. తెలుగులో 'పౌలు పత్రికల సంపుటము' అంటాము. అనువాదము తప్పు కాదు గాని, రెండు పదముల వెనుకనున్న చిత్రములు వేరు. సంపుటమంటే మూతగల భరిణె. కార్పస్ అంటే లాటిన్ భాషలో శరీరము. భరిణెలోనుండి ఒక వస్తువు తీసివేస్తే భరిణెకు నొప్పి కలుగదు. శరీరము సంగతి అలా కాదు.

ఈ చిత్రము రచనలకు ఎప్పుడో అంటుకున్నది. ప్రసంగము ప్రాణివలె తలా కాళ్లూ కలిగి, అవయవములు ఒకదానికొకటి అమరి ఉండాలని ప్లేటో 'ఫీడ్రస్'లో సోక్రటీసు చేత చెప్పించాడు. క్రీ.పూ. 55 ప్రాంతములో సిసెరో తన మిత్రుడైన లూసియస్‌కు లేఖ వ్రాస్తూ, కాటలైన్ కుట్ర మొదలు తాను ప్రవాసము నుండి తిరిగివచ్చిన వరకు జరిగిన సంగతులన్నీ కలిపితే ఒక మోస్తరు 'కార్పస్' అవుతుందని సూచించాడు. అంటే కుప్ప కాదు, ఆది అంతములు గల రచన.

రోమా న్యాయశాస్త్రములో ఈ పదమునకు మరొక వాడుక ఉన్నది. ఉమ్మడి ఆస్తి కలిగియుండే హక్కు గల సమాజమును కూడా కార్పస్ అన్నారు. క్రీ.శ. 313లో లిసీనియస్ పేరున వెలువడి, లక్టాంటియస్ గ్రంథములో భద్రమైన ప్రకటన మన చరిత్రకు ముఖ్యము. క్రైస్తవుల నుండి తీసికొన్న స్థలములను వెల లేకుండ తిరిగి ఇవ్వవలెనని చెబుతూ, అవి వ్యక్తులవి కావు, వారి 'కార్పస్'వి, అనగా సంఘములవి అని అది స్పష్టము చేసింది. పౌలు కొరింథీయులకు బోధించిన క్రీస్తు శరీరమును చక్రవర్తి అంగీకరించాడని దీనిమీద ప్రసంగించాలని మనకు అనిపించవచ్చు. అది తొందరపాటు. ఆ లేఖకుడు వాడినది న్యాయస్థానపు మాట. అయినా ఆస్తి బిషప్పుది కాదు, కుటుంబానిది కాదు, సంఘానిది అనే భేదమును అన్య ప్రభుత్వమే అంత తేటగా వ్రాసి పెట్టినదని సంఘపు దస్తావేజులు చూచే కాపరులు గుర్తుంచుకొనదగును. ఇంగ్లీషులోని 'కార్పొరేషన్' ఈ ఇంటి బిడ్డే. శవమునకు వాడే 'కార్ప్స్' కూడా!

మధ్యయుగములో ఈ పదము బల్లకూ సంఘానికీ మధ్య తిరిగింది. 'మర్మయుక్తమైన శరీరము' అనే మాట మొదట ప్రభు సంస్కారమునకు చెల్లి, పన్నెండవ శతాబ్దము నుండి క్రమముగా సంఘమునకు మారినదని హెన్రి డి ల్యూబాక్ 1944లో ప్రచురించిన గ్రంథములో చూపాడు. అది వేరే వ్యాసమునకు తగిన విషయము.

గ్రంథముల వైపు చూస్తే, జస్టీనియన్ ఆరవ శతాబ్దములో కూర్పించిన ధర్మశాస్త్ర సంకలనమునకు 'కార్పస్ జ్యూరిస్ సివిలిస్' అనే పేరు 1583 నాటి ముద్రణతో స్థిరపడింది. 1834లో 'కార్పస్ రిఫర్మాటోరమ్' మెలాంక్‌థన్ రచనలతో ఆరంభమై, తరువాత కాల్విన్‌ను, జ్వింగ్లీని కలుపుకొన్నది. 1960ల నాటి బ్రౌన్ కార్పస్‌కు వచ్చేసరికి ఆ పదములోని శరీరము పూర్తిగా మరుగైనది. 1961లో అమెరికాలో అచ్చైన ఇంగ్లీషు నుండి ఒక్కొక్కటి సుమారు 2,000 మాటల చొప్పున 500 నమూనాలు, మొత్తము దాదాపు పది లక్షల మాటలు. ఒక నమూనాకు బదులు మరొకటి పెట్టినా బాధ లేదు.

మరి పౌలు కార్పస్ ఏ అర్థములో కార్పస్? పౌలు వేర్వేరు సంఘములకు, వేర్వేరు అక్కరలను బట్టి వ్రాశాడు. వాటిని చేర్చినది సంఘము. రెండవ శతాబ్దపు మార్సియన్ సంకలనములో పది పత్రికలే ఉండెను, గలతీయులకు మొదటి స్థానము. సుమారు క్రీ.శ. 200 నాటిదిగా తలచబడుచున్న పి46 అను పపైరస్ ప్రతిలో రోమా వెంటనే హెబ్రీ పత్రిక వచ్చును. మిగిలిన 86 ఆకులలో తిమోతి, తీతు పత్రికలు లేవు. సినాయి, వాటికన్ ప్రతులలో హెబ్రీయులకు రెండవ థెస్సలొనీకయ తరువాత చోటు దొరికింది. మన బైబిలులో సంఘములకు వ్రాసినవి ముందు, వ్యక్తులకు వ్రాసినవి తరువాత. ప్రతి వరుసలోను దాదాపుగా పెద్దది మొదలు చిన్నది వరకు. ఈ వరుసను వ్రాసిన కాలక్రమమని భావించి పౌలు ఆలోచన ఎదుగుదలను రోమా నుండి ఫిలేమోను వరకు లెక్కించే పరీక్షపత్రములు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఏడు పత్రికలు పౌలువని పండితులు దాదాపు ఏకగ్రీవముగా ఒప్పుకొంటారు. మిగిలిన ఆరింటిపై వాదము ఉన్నది. 'కాబట్టి ఆ ఆరింటిని కార్పస్ నుండి తీసివేయాలి' అనేవారును, 'పౌలు వ్రాయకపోతే బైబిలే కూలిపోతుంది' అని భయపడేవారును ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయము. ఎవరు వ్రాశారనేది ఒక ప్రశ్న. సంఘము ఏమి చేర్చి చదివినదనేది మరొకటి. మొదటిదానికి జవాబు మారినంత మాత్రాన రెండవదానికి జవాబు దానంతట అదే మారదు.

పైగా ఈ శరీరము మొదటి నుండీ అవయవలోపము గలదే. 1 కొరింథీ 5:9లో పౌలు అంతకుముందు వ్రాసిన పత్రికను ప్రస్తావించాడు. కొలొస్సయి 4:16లో లవొదికయ నుండి వచ్చు పత్రికను కూడా చదువుకొనుమన్నాడు. కొరింథుకు వ్రాసిన ఆ మొదటి పత్రిక ఏ సంపుటములోను మనకు దక్కలేదు. లవొదికయ పత్రిక ఎఫెసీ పత్రికయేనని మార్సియన్ కాలము నుండి కొందరు చెబుతూనే ఉన్నారు.