ఇనుప వంతెన పుట్టిన సీమ

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్‌ను ఆనుకుని ఉన్న ష్రాప్‌షైర్ కౌంటీ ఈనాటికీ చాలామటుకు పల్లెసీమే. గొర్రెలు మేసే గుట్టలు, వారపు సంతల చిన్న పట్టణాలు, వాటి మధ్య మెలికలు తిరిగే సెవెర్న్ నది. లండన్ చూసి వెనుదిరిగే యాత్రికుల్లో చాలామందికి దీని పేరైనా తెలియదు. అయినా రోమన్ల కాలం నుంచి యంత్రయుగం దాకా ఇంగ్లండ్ చరిత్రను ఒక్కచోట చూడదలిస్తే రావలసింది ఇక్కడికే.

ష్రూస్‌బరీ పట్టణానికి కొద్ది మైళ్ల దూరంలో, రాక్సెటర్ ఊరి పొలాల కింద విరోకోనియం ఉంది. రోమన్ బ్రిటన్‌లో అది నాలుగో పెద్ద నగరం. స్నానశాల గోడ ఒకటి సుమారు ఏడు మీటర్ల ఎత్తున ఇంకా నిలిచే ఉంది. ఆ నగరం మీద మరో పట్టణం వెలవలేదు కనుక చాలా భాగం తవ్వకుండానే నేల కింద భద్రంగా ఉంది.

రోమన్లు వెళ్లిపోయాక ఇది సరిహద్దు సీమ అయింది. ఎనిమిదో శతాబ్దంలో మెర్సియా రాజు ఓఫా వేల్స్ వైపు కందకం తవ్వించి, పొడవాటి మట్టికట్ట పోయించాడు. 1066 తర్వాత నార్మన్ ప్రభువులు ఇక్కడ వరసగా కోటలు కట్టారు. వాటిలో చూడవలసింది లడ్లో. ఏడో హెన్రీ పెద్ద కొడుకు ఆర్థర్ 1502లో ఆ కోటలోనే చనిపోయాడు. అతని భార్య కేథరిన్‌ను తమ్ముడు ఎనిమిదో హెన్రీ పెళ్లాడాడు. ఆమెతో తెగతెంపులు చేసుకోవడానికి పోప్ అనుమతి దొరక్కపోయేసరికి ఇంగ్లండ్ చర్చినే రోమ్ నుంచి విడదీశాడు. ఈ కౌంటీలోనే ఉన్న స్టోక్సే కోటది వేరే కథ. ఉన్ని వ్యాపారంలో గడించిన లారెన్స్ అనే వర్తకుడు పదమూడో శతాబ్దం చివర ఆ ఇంటిని కట్టించుకున్నాడు. బురుజులూ కొమ్ములూ పెట్టుకోవడానికి 1291లో రాజు అనుమతి పొందాడు. చూడటానికి కోట, నిజానికి సంపన్నుడి ఇల్లు.

ఈ సీమను లోకానికి తెలిపింది మాత్రం సెవెర్న్ లోయ. బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి అక్కడ దగ్గర దగ్గరే దొరికేవి. సరుకు పంపడానికి నది ఉండేది. అప్పట్లో ఖనిజాన్ని కరిగించడానికి కట్టెబొగ్గు వాడేవారు. దానికి అడవులు కావాలి. 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ అనే క్వేకరు శాఖ క్రైస్తవుడు నేలబొగ్గును కాల్చి తీసిన కోక్‌తో ఇనుము కరిగించాడు. ఆయన పోత పోసినవి వంటపాత్రలే. అయితే ఇనుము తయారీకి అడవుల మీద ఆధారపడక్కర్లేదని ఆ కొలిమే చూపింది. ఆ పద్ధతి దేశమంతా పాకడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆయన మనవడు, మూడో అబ్రహాం డార్బీ, 1779లో సెవెర్న్ మీద ఇనుప వంతెన నిలబెట్టాడు. ముప్ఫై మీటర్ల ఒకే ఆర్చి, దాదాపు 380 టన్నుల పోత ఇనుము. ఇనుప ముక్కలను ఒకదానికొకటి ఎలా కలపాలో చూపే ముందటి నమూనా లేదు. అందుకే వడ్రంగులు కర్రను అతికినట్టే గాళ్లు తీసి, కొసలు దూర్చి, చీలలు బిగించారు. ఆ అతుకులు దగ్గరకు వెళ్లి చూడాల్సినవి: కొత్త లోహం పాత చేతిపని సాయంతో నిలబడిన తీరు అక్కడ కనిపిస్తుంది. 1781 జనవరి 1న రాకపోకలు మొదలయ్యాయి. ఖర్చు అంచనా దాటి డార్బీ అప్పుల పాలయ్యాడు. 1795 వరదకు నదిమీది ఇతర వంతెనలు దెబ్బతిన్నా ఇది చెక్కుచెదరలేదు. 1934లో వాహనాలను ఆపేశారు, 1986లో ఈ లోయ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దగ్గర్లోని బ్లిస్ట్స్ హిల్‌లో విక్టోరియా కాలపు పట్టణాన్ని అంగళ్లతో, కొలిమితో మళ్లీ నిలిపారు. పిల్లలతో వచ్చేవారు ఒక పూట దానికే కేటాయించాలి.

ఆ పక్కనే మచ్ వెన్‌లాక్ అనే చిన్న ఊరు. విలియం పెన్నీ బ్రూక్స్ అనే వైద్యుడు 1850లో అక్కడ ఒలింపిక్ పేరుతో ఆటల పోటీలు మొదలుపెట్టాడు. ఆధునిక ఒలింపిక్స్‌కు పునాది వేసిన కూబర్టిన్ 1890లో వచ్చి వాటిని చూసి వెళ్లాడు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కొద్ది నెలల ముందే బ్రూక్స్ కన్నుమూశాడు.

ష్రూస్‌బరీని సెవెర్న్ నది దాదాపు మూడు వైపులా చుట్టుకుంటుంది. డార్విన్ 1809లో పుట్టింది ఇక్కడే. 1797లో ఇక్కడ కట్టిన అవిసె నార మిల్లు ప్రపంచంలోనే మొదటి ఇనుప చట్రపు భవనం. నేటి ఆకాశహర్మ్యాలకు అదే మూలం.

ఈ ఊరి నడిబొడ్డున ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్‌కు 1860లో నిలిపిన విగ్రహం ఉంది. అతను 1725లో ఈ కౌంటీలోనే పుట్టాడు, ష్రూస్‌బరీ మేయరుగానూ పార్లమెంటు సభ్యుడిగానూ ఉన్నాడు. తెలుగు నేలకు అతనితో లంకె బలమైనది. 1758లో అతను బెంగాల్ నుంచి పంపిన కర్నల్ ఫోర్డ్ సేన, విజయనగరం రాజు ఆనంద గజపతి బలగంతో కలిసి పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించింది. 1765లో మొగలు చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా రాబట్టిందీ అతనే. విగ్రహాన్ని తీసేయాలని 2020లో వేలమంది సంతకాలు చేశారు; కౌన్సిల్ మాత్రం ఉంచడానికే నిర్ణయించింది. ఇంగ్లండ్ వచ్చే తెలుగువారు ఆ వంతెననూ ఈ విగ్రహాన్నీ తప్పక చూడాలి. బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీకి రైల్లో సుమారు గంట ప్రయాణం.