మూడు నోళ్ళ మాట

ముగ్గురు వేగులు తెచ్చిన కబురు ఒక్కటైతేనే రాజు దాన్ని నమ్మాలంటుంది కౌటిల్యుడి అర్థశాస్త్రం. ఆ వేగులకు ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదని కూడా చెబుతుంది. అలాంటప్పుడు ముగ్గురి మాటా ఒకచోట పెట్టి పోల్చేవాడు ఉండాలి. స్వతంత్ర భారతంలో మూడు సైనిక దళాలకు ఉమ్మడిగా అలాంటి నిఘా సంస్థ చాలాకాలం లేకుండానే ఉండిపోయింది.

మొదట్లో దేశం లోపలి సమాచారమూ, బయటి సమాచారమూ ఇంటెలిజెన్స్ బ్యూరోయే చూసేది. 1962, 1965 యుద్ధాల్లో ఆ ఏర్పాటు లోపాలు బయటపడ్డాయి. 1968 సెప్టెంబరులో ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో ‘రా’ ఏర్పడి, విదేశీ గూఢచర్యం దాని చేతికి వెళ్ళింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మాత్రం తమ తమ నిఘా విభాగాలను విడివిడిగా నడుపుకున్నాయి.

1999 మే మొదట్లో బటాలిక్ ప్రాంతపు గర్ఖోన్ గ్రామవాసి తాషి నంగ్యాల్, తప్పిపోయిన జడలబర్రెను వెతుకుతూ బైనాక్యులర్స్‌తో కొండలు గాలించాడు. పైన ఎవరో కొత్తవాళ్ళు బంకర్లు తవ్వుతూ కనిపించారు. దిగివచ్చి సైన్యానికి చెప్పాడు. అలా బయటపడిన కార్గిల్ చొరబాటును తిప్పికొట్టడానికి 527 మంది జవాన్లు ప్రాణాలిచ్చారు.

కె. సుబ్రహ్మణ్యం సారథ్యంలోని సమీక్షా సంఘం లోపాన్ని వెతికింది. 1998 జూన్‌లోనే సరిహద్దు అవతలి కదలికలపై ఇంటెలిజెన్స్ బ్యూరో ఒక నివేదిక రాసింది. అది ప్రభుత్వ పెద్దలకు వెళ్ళింది. ‘రా’ అధిపతికి, ఉమ్మడి నిఘా సంఘం అధ్యక్షుడికి, సైనిక నిఘా డైరెక్టర్ జనరల్‌కు మాత్రం నేరుగా పంపలేదు. దాన్ని తూచి చూడాల్సింది ఆ ముగ్గురే!

ఆ సంఘం నివేదికను పరిశీలించిన మంత్రుల బృందం 2001లో ఇచ్చిన సిఫార్సుల మేరకు 2002 మార్చిలో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ ఏర్పడింది. తొలి అధిపతి లెఫ్టినెంట్ జనరల్ కమల్ దావర్. మూడు దళాల అధికారులూ ఇక్కడ కలిసి పనిచేస్తారు. శత్రువు రేడియో సంకేతాలను వినే విభాగం, ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే కేంద్రం దీని కిందికే వచ్చాయి. అంతకు కొద్ది నెలల ముందే, 2001 అక్టోబరు 22న, మన శ్రీహరికోట నుంచి ఎగిరిన టెస్ ఉపగ్రహం మీటరు స్పష్టతతో నేలను చూడగలిగింది. ఆకాశంలో కన్ను, భూమ్మీద చెవి, వాటిని పోల్చే బల్ల మూడూ అప్పటికి సమకూడాయి.

మంచుకొండపై కాపలా కాసే జవానుకు ఏ కబురు ఏ దారిన వచ్చిందో తెలియనక్కర్లేదు. ఎదుటి శిఖరం మీద ఎవరున్నారో మాత్రం, ఎక్కడం మొదలుపెట్టక ముందే అతనికి తెలియాలి.