నది ఇరుకైన చోట

వంతెన కట్టడం ఒక ఎత్తు, ఎక్కడ కట్టాలో తేల్చడం ఇంకో ఎత్తు. 1891లో సైబీరియాలో ఓబ్ నది ఒడ్డున ఆ రెండో పని మీద తిరిగిన ఇంజినీరు నికొలాయ్ గియోర్గియెవిచ్ మిఖైలోవ్‌స్కీ. మొదటి ఆలోచన ప్రకారం సైబీరియా మీదుగా వేయబోయే రైలు మార్గం కొలివాన్ ఊరి దగ్గర నది దాటాలి. అక్కడ గట్లు పల్లం, అడుగున మెత్తటి నేల. మంచు కరిగే రోజుల్లో నీళ్లు ఎంతో దూరం పరుచుకుంటాయి. అలాంటి చోట స్తంభాలు దింపితే ఖర్చుకు అంతుండదు, నిలుస్తాయన్న ధీమా ఉండదు. దక్షిణంగా వెళ్లి క్రివొష్చోకొవొ పల్లె దగ్గర చూస్తే నది ఇరుకు, అడుగున గట్టి రాయి. ఇక్కడ ఓబ్ గొట్టంలో పారుతుందని ఊరి రైతులు అనేవారట. ఈ చోటు గురించి చెప్పేటప్పుడు ఆయన బృందంలోని రోయెత్స్కీ పేరూ తలచుకోవాలి. సర్వే ఏనాడూ ఒక్కరి పని కాదు. అయితే ఇక్కడే దాటాలని పట్టుబట్టి నిలిచింది మాత్రం మిఖైలోవ్‌స్కీ.

లైను అలా దక్షిణంగా సాగడంతో, సైబీరియాలో తొలి విశ్వవిద్యాలయం వెలసిన తోమ్‌స్క్ నగరం ప్రధాన మార్గానికి దూరమైంది. తర్వాత దానికి బ్రాంచి లైనుతో సరిపెట్టారు. ఇటు 1893లో వంతెన కూలీలు వేసుకున్న గుడిసెలు పెరిగి ఊరైంది, ఊరు నగరమైంది. 1926 నుంచి దాని పేరు నోవోసిబిర్స్క్. ఇప్పుడు అక్కడ 16 లక్షలకు పైగా జనం.

మిఖైలోవ్‌స్కీ 1852లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టినా, పెరిగింది నల్ల సముద్రపు రేవు ఒడెస్సాలో. 1878లో ఇంజినీరై బయటికొచ్చాక మొదట చేసిందీ సముద్రం పక్కనే: బల్గేరియాలోని బుర్గాస్‌లో, ఆ తర్వాత బతూమీలో. నడుమ కొన్నేళ్లు ఉద్యోగం వదిలి సమారా ప్రాంతంలో సేద్యం చేశారు. రైతుల బతుకు బాగుచేయాలని కొత్త పద్ధతులు తెచ్చారు. గిట్టనివాళ్లు మిల్లుకూ పంటకూ నిప్పు పెట్టారు. అప్పులపాలై మళ్లీ రైలు పనికే వచ్చారు.

ఉరల్ కొండల్లో ఉఫా–జ్లతవూస్త్ లైను మీద ఆయన తత్వం బాగా కనిపిస్తుంది. పైవాళ్లు ఒప్పుకున్న దారికి బదులు ఇంకా చౌకైన దారి వెతకడం, దాని కోసం పోరాడడం. దేశం పేదది, వృథా అయ్యే ప్రతి రూబులూ రైతుదే అన్నది ఆ పట్టుదల వెనకున్న బాధ అని నాకనిపిస్తుంది. మారుమూలలకు చౌకగా రైలు చేరాలని నారో గేజ్ లైన్ల కోసం వాదించిందీ అందుకే.

రాత్రిళ్లు రాసేవారు. కొడుకు ముద్దుపేరు గార్యా నుంచి 'గారిన్' అన్న కలం పేరు పుట్టింది. 'త్యోమా బాల్యం' అన్న పుస్తకం 1892లో వచ్చింది. 1898లో కొరియా మీదుగా సాగిన ప్రయాణంలో అక్కడి జానపద కథలు పోగుచేసుకొచ్చారు.

1906 చివర్లో పీటర్స్‌బర్గ్‌లో ఒక పత్రిక సంపాదకవర్గ సమావేశంలో ఉండగా గుండె ఆగింది. వయసు 54. ఎన్ని మైళ్ల రైలు కట్ట కొలిచిన మనిషో! అంత్యక్రియలకు ఇంట్లో డబ్బు లేదు. చందాలు పోగుచేసి జరిపారు.