టోపీ కింద ముడి: అనంతపురం పీఠభూమిలో స్త్రీల జుట్టు, కవాతు శిక్షణ

యూనిఫారం ధరించే ఉద్యోగాలలో స్త్రీల ప్రాథమిక శిక్షణ చరిత్రను రాసేవారు పరుగును, తుపాకిని, కవాతును విస్తారంగా వర్ణిస్తారు గాని, తెల్లవారకముందే హాస్టలు గదిలో జరిగే తొలి పనిని, అంటే నడుము దాకా వచ్చే జుట్టును టోపీ కింద ఇమిడేటట్టు ముడి వేసుకోవడాన్ని, ప్రస్తావించదగిన విషయంగా భావించరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో ఆ పనికి నీటితోనూ, వేళతోనూ, ఇంటి మర్యాదతోనూ సంబంధం ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ శిక్షణ కళాశాలల్లో ఒకటి అనంతపురంలోనే ఉంది. సివిల్ కానిస్టేబుళ్ల ప్రత్యక్ష నియామకాలలో మూడోవంతు స్థానాలు స్త్రీలకు దక్కే ఈ రాష్ట్రంలో, తొమ్మిది నెలల శిక్షణకు వచ్చే యువతి జుట్టును ఏం చేయాలన్నది ఆ యువతి సొంత వ్యవహారంగా మిగిలిపోయే విషయం కాదు. ఈ ప్రశ్నకు ఇక్కడి శ్రమ సంస్కృతి ఎప్పుడో ఒక జవాబు తయారుచేసుకుంది. శిక్షణ సంస్థలు ఆ జవాబును గుర్తించినచోట పని సాఫీగా సాగింది, గుర్తించనిచోట కత్తెర ముందుకు వచ్చింది.

పీఠభూమిలో స్త్రీల కేశాలంకరణకు దొరికే గొప్ప చిత్ర సాక్ష్యం లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దపు నాలుగో దశకంలో, పెనుకొండ సీమ అధికారాన్ని నిర్వహించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయపు కప్పు మీది చిత్రాలలో పురుషులు పొడవాటి కుళ్లాయిలతో కనబడితే, స్త్రీలు జుట్టును తల వెనక, లేదా ఒక పక్కకు ఒరిగేటట్టు పెద్ద కొప్పుగా చుట్టి, దానికి పూలు, నగలు అమర్చుకుని కనబడతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక లేపాక్షి, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, నేల, నీరు, అలవాట్ల విషయంలో ఈ ప్రాంతమంతా ఒక్కటే. లేపాక్షి కన్నా కొద్ది ఏళ్ల ముందు, 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, రాజాంతఃపురంలో కత్తి, డాలు పట్టగల స్త్రీలు, కుస్తీ పట్టే స్త్రీలు, బూరలు ఊదే స్త్రీలు ఉన్నారని రాశాడు. 1565లో విజయనగరం పతనమయ్యాక రాజధాని పెనుకొండకు మారిందన్న సంగతిని దీనితో కలిపి చూస్తే, ఆయుధం పట్టిన స్త్రీ ఈ సీమ చరిత్రకు పరాయి మనిషి కాదని తేలుతుంది.

అయితే సామాన్య స్త్రీల జుట్టు ముడికి ఆస్థాన చిత్రాల కన్నా తలమోతే ఎక్కువ ఆకృతినిచ్చింది. బావి నుంచి కడవను, చేను నుంచి వేరుశనగ కట్టను, గుట్ట మీద నుంచి కట్టెల మోపును నెత్తిన పెట్టుకుని మైళ్ల కొద్దీ నడిచే స్త్రీకి నడినెత్తి ఖాళీగా, చదునుగా ఉండాలి. పాత గుడ్డను గుండ్రంగా మెలిపెట్టి చేసిన చుట్టకుదురు అక్కడే కూర్చోవాలి. జుట్టు కళ్ల మీద పడకూడదు, వంగి నాట్లు వేసినా కలుపు తీసినా జారకూడదు. అందుకే పొలం పనికి పోయే ఆడవాళ్ల ముడి మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోటికి దగ్గరగా, కిందికి పడుతుంది. నూనె రాసి, ఒక్క చేత్తో జుట్టంతా వెనక్కి లాగి, రెండు మెలికలు తిప్పి, చివరను ముడిలోకే దోపేస్తే పిన్నుతో గాని దారంతో గాని పని లేకుండా పొద్దుగూకేదాకా నిలుస్తుంది. టోపీ గాని బెరే గాని పెట్టుకోవలసిన తలకు కావలసింది కూడా సరిగ్గా ఇదే: నడినెత్తి చదునుగా ఉండాలి, ముడి టోపీ అంచుకు దిగువన ఉండాలి, కాలరును తాకకూడదు.

జుట్టును కట్టడం ఇంత సహజమైతే, కత్తిరించడం అంత తేలిక కాలేదు. అందుకు కారణం సౌందర్యాభిలాష ఒక్కటే అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టవుతుంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించే నాటికి, బ్రాహ్మణ కుటుంబాలలోనూ, ఆ ఆచారాలను అనుసరించిన మరికొన్ని కుటుంబాలలోనూ భర్త పోయిన స్త్రీకి తల గొరిగించడం ఆచారంగా సాగుతుండేది. ఆ శిక్షను అనుభవించిన స్త్రీల జ్ఞాపకం ఊళ్లలో చాలాకాలం చెరిగిపోలేదు. ఆ ఆచారం పాటించని కులాలలో సైతం బోడితల ఆడమనిషి ఎదురురావడం అపశకునమన్న మాట పాకింది. మరోవైపు తిరుమల కల్యాణకట్టలో కులభేదం లేకుండా స్త్రీలు తలనీలాలు ఇవ్వడం గౌరవప్రదమైన మొక్కుగా నిలిచింది. పూర్తిగా ఇవ్వలేనివారు జుట్టు కొసల నుంచి మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు తీర్చుకునే పద్ధతి కూడా ఉంది. దైవానికి మనసారా ఇచ్చిన జుట్టుకు, ఇతరులు బలవంతంగా తీసేసిన జుట్టుకు మధ్య తేడా ఈ సమాజానికి బాగా తెలుసు. శిక్షణ కేంద్రపు గేటు దగ్గర కత్తెర పట్టుకున్న సంస్థ తన ఆజ్ఞను ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉంచుతున్నదో ఆలోచించుకోవాలి.

సైన్యం, జుట్టు, ఆజ్ఞ అనే మూడూ కలిసినప్పుడు ఎంత ప్రమాదం వస్తుందో దక్షిణ భారతం ఒకసారి పురుషుల విషయంలోనే చూసింది. 1805 చివర మద్రాసు సైన్యాధిపతి జాన్ క్రాడక్ కాలంలో వచ్చిన ఉత్తర్వులు సిపాయిలు నుదుట బొట్టు పెట్టరాదని, చెవిపోగులు ధరించరాదని, గడ్డం గీసుకోవాలని, మీసాలను ఒకే కొలతకు కత్తిరించుకోవాలని, టోపీని పోలిన కొత్త తలపాగా పెట్టుకోవాలని శాసించాయి. 1806 జూలై 10న వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగింది. అప్పటికి దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా పనిచేస్తున్న థామస్ మన్రో, ఆ ఏడాది ఆగస్టులో గవర్నరు విలియం బెంటింక్‌కు రాసిన లేఖలో, యూరోపియనులకు వింతగా తోచినా సిపాయిలను క్రైస్తవులుగా మార్చేందుకే ఇదంతా చేశారన్నది ఈ సీమలోని తెలివైనవారి అభిప్రాయమని తెలియజేశాడు. దత్త మండలాలంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు. తల మీది వెంట్రుకకు, నుదుటి మీది గీతకు మనిషి ఎంత అర్థం పెట్టుకుంటాడో గుర్తించిన పాలనా లేఖ ఒకటి అనంతపురం నుంచి వెళ్లిందన్నది ఈ చరిత్రలో చిన్న విషయం కాదు.

ఆ నిజాం రాజ్యంలోనే వేలూరు తిరుగుబాటుకు పదేళ్లకు పైగా ముందు స్త్రీలకు సైనిక కవాతు నేర్పిన ఉదాహరణ ఉంది. నిజాం అలీ ఖాన్ తన జనానా రక్షణకు జఫర్ పల్టన్ అనే మహిళా దళాన్ని ఏర్పాటు చేశాడు. కంపెనీ సిపాయిల మాదిరి దుస్తులు, తుపాకులు ఇచ్చి, యూరోపియన్ పద్ధతి కవాతు నేర్పించాడు. వీరిని గార్దనీలనేవారు. 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధానికి మామా బరన్, మామా చంపా అనే ఇద్దరి నాయకత్వంలో ఈ దళం వెళ్లింది. అంతఃపుర కాపలా కోసం పుట్టిన దళం కాబట్టి ఇది ఆ తరువాత సైన్యాలకు మాదిరి కాలేదు. స్త్రీలను బహిరంగంగా, సామూహికంగా యూనిఫారంలోకి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం.

1942లో ఒకే ఏడాది అమెరికాలో మహిళల సహాయక దళం, భారతదేశంలో విమెన్స్ ఆక్జిలరీ కోర్ మొదలయ్యాయి. అమెరికా దళం జుట్టును కత్తిరించి తీరాలనలేదు, కాలరును తాకకుండా ఉండాలన్నది మాత్రమే నియమం. తరువాత దశాబ్దాలలో అనేక దేశాల సైన్యాలు పట్టుకు వేలాడిన కొలత ఇదే. భారత దళంలో చీర యూనిఫారంగా అంగీకరించబడింది. చీరకు చోటు ఇచ్చిన వ్యవస్థలో కొప్పుకు చోటు లేకపోవడమన్న సమస్య పుట్టదు. దీనికి భిన్నమైన దారి సింగపూరులో కనబడింది. 1943 అక్టోబరు 22న శిబిరం ప్రారంభమైన ఆజాద్ హింద్ ఫౌజ్ ఝాన్సీ రాణి రెజిమెంటుకు కెప్టెన్ లక్ష్మి నాయకత్వం వహించారు; ప్యాంటు, చొక్కా, టోపీ ధరించిన ఈ దళపు ఫొటోలలో పొట్టిగా కత్తిరించిన తలలూ, జడలను మడిచి బిగించుకున్న తలలూ పక్కపక్కన నిలబడి ఉంటాయి. సభ్యులలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల తమిళ కుటుంబాల వారు. ఆ తోటల లైన్లలో తెలుగు కూలీల కుటుంబాలూ ఉండేవి. స్వాతంత్ర్యం కోసం జుట్టు కత్తిరించుకున్న స్త్రీ, కత్తిరించుకోని స్త్రీ ఒకే వరుసలో కవాతు చేయగలిగారన్న సాక్ష్యం తరువాతి వాదాలన్నింటికన్నా బలమైనది.

స్వతంత్ర భారతంలో చిన్న పట్టణాల అమ్మాయిలకు కవాతు ఎన్‌సీసీ ద్వారా అందింది. 1948లో ఎన్‌సీసీ, మరుసటి ఏడాది దాని బాలికల విభాగం ఏర్పడ్డాయి. 1972లో కిరణ్ బేదీ ఐపీఎస్‌లో చేరడం, 1992లో సైన్యం మహిళలకు వైద్యేతర శాఖలలో అధికారులుగా ప్రవేశం కల్పించి చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ మొదలుపెట్టడం, 2021లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు తెరుచుకోవడం తెలిసిన సంగతులే. వీటన్నింటి వెంట జుట్టు విషయంలో రెండు సంప్రదాయాలు సమాంతరంగా నడిచాయి: ఒకటి చేరిన వెంటనే పొట్టిగా కత్తిరించమనేది, రెండోది నల్లని జాలీలో బిగించిన ముడిని ఒప్పుకునేది.

రెండో సంప్రదాయంలో రోజు ఎలా మొదలవుతుందో దగ్గరగా చూడాలి. జుట్టును తడిచేత్తో వెనక్కి అణచి, మెడ పైన రబ్బరు బ్యాండుతో బిగించి, తాడులా మెలిపెట్టి గుండ్రంగా చుట్టి, జాలీ తొడిగి, నాలుగు వైపులా యూ ఆకారపు పిన్నులు గుచ్చి, నుదుటి దగ్గర ఎగిరే పొట్టి వెంట్రుకలను నల్ల పిన్నులతో అదిమిపెట్టాక గాని మైదానంలో సావధాన్ వినబడే వేళకు తల సిద్ధం కాదు. చేయి తిరిగినవారికి ఇది కొద్ది నిమిషాల పని. కాని గంటసేపు దౌడ్ తీశాక చెమటతో తడిసిన ఆ ముడిని విప్పి ఆరబెట్టే వ్యవధి దినచర్యలో ఉండదు. తడి ముడి రోజంతా అలాగే ఉంటే మాడు దురద పెడుతుంది, చుండ్రు పట్టుకుంటుంది. పక్కపక్క మంచాల గదిలో ఒకరి పేలు అందరి పేలవుతాయి. రోజూ ఒకే చోట గట్టిగా లాగి కట్టడం వల్ల నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు రాలి పలచబడుతుంది. లాగుడు వల్ల వచ్చే ఈ బట్టతలను చర్మవైద్యులు ప్రత్యేక వ్యాధిగానే గుర్తిస్తారు.

ఇక్కడికి నీళ్ల సంగతి వస్తుంది. పీఠభూమి బోరు నీటిలో చాలాచోట్ల సున్నపు లవణాలు ఎక్కువ, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. అలాంటి చవుడు నీటిలో సబ్బు నురగ రాకపోగా లవణాలతో కలిసి తెట్టులా మారి వెంట్రుకలకు అంటుకుంటుంది, దువ్వెన దిగదు. కుంకుడుకాయ పులుసులో నురగనిచ్చే పదార్థం సబ్బు జాతిది కాదు కాబట్టి ఆ నీటిలోనూ పనిచేస్తుంది. ఈ సీమ స్త్రీలు తలంటుకు కుంకుడును వదలకపోవడానికి ఇది గట్టి కారణం. అయితే కుంకుడు నానబెట్టాలి, పిసకాలి, తరువాత పుష్కలంగా నీళ్లు పోసి కడగాలి. హాస్టలులో అందుకు తీరిక ఎక్కడిది? 1983లో కడలూరు నుంచి వచ్చిన చిక్ వంటి షాంపూ సాచెట్లు చిల్లర డబ్బులతో, క్షణాలలో తలంటు సాధ్యం చేసి, పొడుగు జుట్టును హాస్టలు జీవితంలో నిలబెట్టడంలో పాఠ్యపుస్తకాలకెక్కని పాత్ర వహించాయి. నీళ్ల అవసరం మాత్రం తగ్గలేదు.

కత్తిరించమనేవారి వాదంలో బలం లేకపోలేదు. పొట్టి జుట్టుకు నీరు తక్కువ చాలు, పొద్దున నిమిషాలు మిగులుతాయి, కలబడి పోరాడే సాధనలో ప్రత్యర్థి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మరో ఇబ్బందిని తలమోత నేర్పిన పాత జవాబు కూడా తీర్చలేదు: నిలబడి ఉన్నప్పుడు మెడ దగ్గరి ముడి చక్కగా ఇముడుతుంది గాని, హెల్మెట్ పెట్టుకుని బోర్లా పడుకుని గురిపెట్టేటప్పుడు తల ఎత్తగానే ముడి హెల్మెట్ వెనక అంచును నెట్టి, ముందు అంచును కళ్ల మీదికి దించుతుంది. అమెరికా సైన్యంలో స్త్రీలు ఏళ్ల తరబడి చెప్పిన ఫిర్యాదు ఇదే. గట్టి ముడి వల్ల తలనొప్పి, జుట్టు రాలడం, హెల్మెట్ సరిగా కూర్చోకపోవడం అన్న కారణాలతో 2021 ఫిబ్రవరి నుంచి ఆ దేశపు వైమానిక దళం వీపు మీదికి వేలాడే జడలను, పోనీటెయిల్‌ను అనుమతించింది, అదే ఏడాది మే నాటికి భూసైన్యమూ ఆ దారి పట్టింది. కవాతు మైదానానికి ముడి, ఫైరింగు రేంజికి చదునుగా అల్లిన జడ అని వేరు చేస్తే చాలా ఇబ్బంది తీరుతుంది. ఆ జడ అల్లిక ఏ అమ్మాయికీ కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

కనుక కత్తిరింపును అభ్యర్థిని ఇష్టానికి వదలడం, కత్తిరించుకోనివారికి జుట్టు ఆరబెట్టుకునే అరగంటను దినచర్యలో రాయడం, హాస్టలు నీటి అంచనా వేసేటప్పుడు తలంటుకు వేరే లెక్క కట్టడం, హెల్మెట్లు కొనే ముందు వాటిని ముడి ఉన్న తలల మీద పెట్టి చూడటం, ఈ నాలుగూ ఖర్చుతో పెద్దగా ముడిపడని పనులు. వీటిలో అనంతపురానికి అన్నిటికన్నా కష్టమైనది మూడోది. మే నెలలో బోర్లు ఎండి, ట్యాంకర్ల మీద ఆధారపడే చోట, స్త్రీల హాస్టలుకు కేటాయించే నీటిని పురుషుల హాస్టలు కొలతతోనే లెక్కించినంతకాలం నియమావళిలో ముడికి అనుమతి ఉన్నా బాత్‌రూములో ఆ అనుమతి నిలవదు.