ఆంగ్లమున పర్యాయపద వివేచనము

ఒకే యర్థము నిచ్చునట్లు తోచు పదములలో దేనిని గ్రహింపవలెనను ప్రశ్న ఆంగ్లమునందు ఒక ప్రత్యేక గ్రంథశాఖకు హేతువైనది. ఇందులకు మూలము ఆ భాష చరిత్రమునందే యున్నది. క్రీ. శ. 1066 లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప రాజసభయందును న్యాయస్థానములందును ఫ్రెంచి ప్రాబల్యము వహించెను. సామాన్యజనుల నోట ప్రాత జర్మానిక పదములే నిలిచెను. విద్యాపునరుజ్జీవన కాలమున లాటిను పదములు వెల్లువగా వచ్చి చేరెను. ఇట్లు 'కింగ్లీ, రాయల్, రీగల్' అనునవియు, 'ఆస్క్, క్వెశ్చన్, ఇంటరాగేట్' అనునవియు ఒకచోట కూడినవి. ప్రతి వరుసయందును మొదటిది దేశ్యము, రెండవది ఫ్రెంచి ద్వారమున వచ్చినది, మూడవది లాటిను నుండి గ్రహింపబడినది. తత్సమ తద్భవ దేశ్య విభాగము నెఱిగిన మనకు ఇట్టి పొరలు అపరిచితములు కావు.

పదములు పెరిగినకొలది వాని భేదమును నిరూపింపవలసిన యవసరమును పెరిగెను. ఫ్రెంచియందు గిరార్ 1718 లో ఈ మార్గమును చూపెను. ఆంగ్లమున జాన్ ట్రస్లరు 1766 లో దాని ననుసరించెను. డాక్టరు జాన్సనునకు చిరకాలము మిత్రురాలైన హెస్టరు పియోజీ 1794 లో 'బ్రిటిష్ సినానిమీ' యను గ్రంథమును ప్రకటించెను. ఆమె భర్త ఇటలీ దేశీయుడు. ఆంగ్లము నభ్యసించు విదేశీయులకు సంభాషణమున పదములను ఎన్నుకొను నేర్పు కలిగించుట ఆమె యుద్దేశము. 1816 లో జార్జి క్రాబ్ వ్యుత్పత్తి నాధారముగా గొని భేదములను వివరించెను. అయినను వ్యుత్పత్తి పదము పుట్టుకను తెలుపునే కాని నేటి వాడుకను సర్వత్ర నిర్ణయింపజాలదు.

1852 లో వైద్యుడగు పీటరు మార్కు రోజే ప్రకటించిన 'థిసారస్' వేఱొక మార్గము త్రొక్కినది. అందు పదములు అకారాదిగా గాక భావముల ననుసరించి వేయి శీర్షికల క్రింద కూర్పబడినవి. పదముల సూక్ష్మభేదములను విచారించుట తన యుద్దేశము కాదని రోజే పీఠికయందే తెలిపెను. భాషాపరిచయము గల పాఠకుడు తానే తగిన పదమును గుర్తింపగలడని ఆయన విశ్వాసము. తనకు పూర్వము వెలసిన భావానుసారి గ్రంథములలో ప్రాచీనతమముగా ఆయన పేర్కొన్నది మన అమరకోశమే. 1808 లో శ్రీరామపురమున ముద్రితమైన కోల్బ్రూకు అనువాదము వలన దాని నెఱిగెను. అయితే దాని వర్గీకరణము, విశేషించి అమూర్తభావముల విషయమున, లోపభూయిష్ఠమని తలచెను.

ఈ సంబంధము మనకు ఆలోచనీయము. అమరమును, తెలుగున పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామ సంగ్రహము'ను కంఠస్థము చేయుట మన విద్యాసంప్రదాయము. ఛందస్సునకు ఒదుగు పదమును వెదకు కవికి అట్టి కూర్పు మిక్కిలి యుపకారి. కాని అదే యలవాటుతో రోజే గ్రంథమును తెఱచిన విద్యార్థి, ఒక శీర్షిక క్రిందనున్న పదములన్నియు పరస్పరము మార్చుకొనదగినవని భ్రమించును. పై మూడు క్రియలకును 'అడుగుట' యను నొక్క యర్థమునే వ్రాసికొన్నవాడు, బిడ్డ తల్లిని అన్నమడుగు సందర్భమున 'ఇంటరాగేట్' అని ప్రయోగించినచో, తల్లి నేరస్థురాలగును, ఇల్లు ఠాణా యగును!

కావున విదేశీయునకు ముందు కావలసినది పియోజీ మార్గము, పిదప రోజే మార్గము. పదమును ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలుకుదురో బోధించిన తరువాతనే పర్యాయపదముల పట్టిక విద్యార్థి చేతికీయదగును.