గ్నూ ఆక్టేవ్

గ్నూ ఆక్టేవ్ అనేది సంఖ్యాత్మక గణనల కోసం రూపొందించిన ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇందులో వాడే ప్రోగ్రామింగు భాషకు కూడా ఇదే పేరు. మాత్రికలు, ఏకఘాత సమీకరణాలు, బహుపదులు, సమాకలనం, అవకలన సమీకరణాలు, గణాంకాలు, రేఖాచిత్రాలు మొదలైన వాటికి సంబంధించిన లెక్కలను దీనితో చేయవచ్చును. ఇది గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద లభిస్తుంది. కాబట్టి ఎవరైనా దీనిని ఉచితంగా దించుకొని వాడుకోవచ్చును, ఇతరులకు పంచవచ్చును, మూలసంకేతాన్ని చదివి మార్చుకోవచ్చును. దీని భాష మాట్‌ల్యాబ్ భాషకు చాలా దగ్గరగా ఉండటం వలన ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గణిత సాఫ్టువేరు వాడకాన్ని దీనితో మొదలుపెట్టటం పరిపాటి.

చరిత్ర

ఆక్టేవ్ ఆలోచన సుమారు 1988లో మొదలైనది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి (మాడిసన్) చెందిన జేమ్స్ బి. రాలింగ్స్, టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ జి. ఎకర్ట్ రసాయన రియాక్టర్ల రూపకల్పనపై ఒక పాఠ్యపుస్తకం రాయసాగారు. దానికి తోడుగా విద్యార్థులు వాడుకునే సాఫ్టువేరుగా దీనిని తలపెట్టారు. అప్పట్లో విద్యార్థులు ఇటువంటి లెక్కలను ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాసి చేసేవారు. రసాయన ఇంజనీరింగు నేర్చుకోవలసిన సమయమంతా ఫోర్ట్రాన్ ప్రోగ్రాములలోని తప్పులు వెదకటానికే సరిపోయేది. ఆదేశం టైపు చేయగానే జవాబు చూపే సాధనం ఉంటే ఈ ఇబ్బంది తప్పుతుందని భావించారు.

జాన్ డబ్ల్యు. ఈటన్ 1992లో పూర్తికాలం ఈ పనిలోకి దిగాడు. మొదటి ఆల్ఫా విడుదల 1993 జనవరి 4న, 1.0 వర్షను 1994 ఫిబ్రవరి 17న వెలువడినవి. కాలక్రమంలో ఇది రసాయన ఇంజనీరింగు పరిధిని దాటి అన్ని రంగాలలోనూ వాడుకలోకి వచ్చినది. చాలాకాలం పాటు ఆదేశాలు టైపు చేసే నల్లని తెర మాత్రమే ఉండేది. 2015లో వచ్చిన 4.0 వర్షనుతో కిటికీలు, మెనూలు గల రూపం అధికారికంగా చేరినది.

పేరు

ఆక్టేవ్ అన్న మాట సంగీతంలోని అష్టకాన్ని సూచిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఈటన్‌కు చదువు చెప్పిన ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ (1926–2017) అనే ఆచార్యుని పేరు. ఆయన రసాయన చర్యా ఇంజనీరింగుపై పేరుపొందిన పాఠ్యపుస్తకం రాశాడు. చేతికి దొరికిన కాగితం ముక్క మీద నాలుగు అంకెలు వేసి జవాబు సుమారుగా ఎంత ఉంటుందో చెప్పగలవాడని ఆయనకు ప్రసిద్ధి. ఈ సాఫ్టువేరును కొత్తగా నేర్చుకునేవారికి ఎక్కువగా ఉపయోగపడే అలవాటు కూడా అదే. ఆక్టేవ్ తనకు టైపు చేసిన ప్రశ్నకు జవాబు ఇస్తుంది. అడగదలచుకున్న ప్రశ్న అదేనా కాదా అన్నది దానికి తెలియదు.

మొదటి లెక్కలు

ఆక్టేవ్ లినక్సు, విండోసు, మ్యాక్ కంప్యూటర్లలో పనిచేస్తుంది. తెరవగానే ఆదేశాలు టైపు చేసే కిటికీ కనిపిస్తుంది. అందులో లెక్క టైపు చేసి ఎంటర్ మీట నొక్కితే జవాబు వస్తుంది. ఆదేశం చివర సెమికోలన్ (;) పెడితే లెక్క జరుగుతుంది గాని జవాబు తెరపై కనబడదు. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను తెలుగు లిపిలో చూపటమైనది. కంప్యూటరులో వాటిని రోమను లిపిలో, చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, ఘాతాలకు వరుసగా +, -, *, /, ^ గుర్తులు వాడతారు. గుణకారం కూడిక కంటే ముందు జరుగుతుంది కాబట్టి 2+3*4 జవాబు 14. కొన్నిచోట్ల మాత్రం కొత్తవారు పొరబడే అవకాశం ఉన్నది.

* -2^2 జవాబు -4. ఘాతం ముందు, రుణ గుర్తు తరువాత. 4 కావాలంటే (-2)^2 అని రాయాలి.
* 2^3^2 జవాబు 64. గణిత పుస్తకాలలో పై ఘాతం ముందుగా లెక్కించి 512 అంటారు. ఆక్టేవ్ ఎడమ నుండి కుడికి వెళ్తుంది.
* కోణాలను డిగ్రీలలో కాక రేడియన్లలో తీసుకుంటుంది. సైన్ ప్రమేయానికి 30 ఇస్తే 0.5 రాదు, -0.9880 వస్తుంది. డిగ్రీలలో ఇవ్వటానికి సైన్‌డి అనే వేరొక ప్రమేయం ఉన్నది.

ఈ మూడింటిలోనూ ఆక్టేవ్ ఏ హెచ్చరికా చేయదు, ఎందుకంటే దాని నియమాల ప్రకారం అన్నీ సరైన లెక్కలే. గణిత సాఫ్టువేరులో ఎర్ర అక్షరాలతో వచ్చే దోష సందేశం కంటే, సందేశమేదీ లేకుండా వచ్చే తప్పు జవాబు ప్రమాదకరం.

మాత్రికలు

ఆక్టేవ్‌లో ప్రతి సంఖ్యనూ మాత్రికగానే చూస్తారు. ఒంటరి సంఖ్య కూడా ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస గల మాత్రికే. మాత్రికను చదరపు కుండలీకరణాలలో రాస్తారు. ఒక అడ్డువరుసలోని మూలకాల మధ్య ఖాళీ గాని కామా గాని, వరుసల మధ్య సెమికోలన్ పెడతారు. ఉదాహరణకు [1 2; 3 4] అనేది 2×2 మాత్రిక. 1:5 అని రాస్తే 1 నుండి 5 వరకు సంఖ్యలు వరుసగా వస్తాయి. మూలకాల లెక్క 1 నుండి మొదలవుతుంది. [10 20 30](2) విలువ 20. పైథాన్ భాషలో లెక్క 0 నుండి మొదలవుతుంది గనుక అక్కడి నుండి వచ్చేవారు దీనిని గమనించాలి.

కుండలీకరణాల లోపల ఖాళీకి అర్థం ఉన్నది. [1 - 2] అంటే -1 అనే ఒకే మూలకం. [1 -2] అంటే 1, -2 అనే రెండు మూలకాలు.

మూలకాల లెక్క, మాత్రికల లెక్క

కొత్తగా నేర్చుకునేవారు అన్నింటికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే. నక్షత్రం గుర్తు (*) మాత్రికల గుణకారాన్ని, దాని ముందు చుక్క పెడితే (.*) ఏ మూలకానికి ఆ మూలకం గుణకారాన్ని సూచిస్తాయి. ఘాతానికీ ఇదే తేడా:

[1 2; 3 4]^2 జవాబు [7 10; 15 22]
[1 2; 3 4].^2 జవాబు [1 4; 9 16]

మొదటిది మాత్రికను దానితోనే గుణించినది. రెండవది ఒక్కొక్క మూలకానికి వర్గం కట్టినది. రెండూ సరైనవే, కావలసినది ఏదో తేల్చుకోవలసినది వాడుకరి.

ఒక కిరాణా చీటీని తీసుకుందాం. 2, 5, 1 కిలోల చొప్పున కొన్న మూడు సరుకుల ధరలు కిలో 60, 48, 140 రూపాయలు అనుకుంటే:

[2 5 1] .* [60 48 140] జవాబు 120 240 140 (ఒక్కొక్క సరుకు వెల)
[2 5 1] * [60; 48; 140] జవాబు 500 (మొత్తం చీటీ)
[2 5 1] * [60 48 140] దోషం, పరిమాణాలు పొసగవు

మూడవ ఆదేశం పనిచేయకపోవటం నిజానికి మేలు, తప్పు వెంటనే తెలిసిపోతుంది. ఇప్పుడు చుక్క పెట్టి, ధరలను పొరపాటున నిలువుగా రాస్తే:

[2 5 1] .* [60; 48; 140] జవాబు [120 300 60; 96 240 48; 280 700 140]

ప్రతి బరువునూ ప్రతి ధరతోనూ గుణించి తొమ్మిది సంఖ్యల మాత్రికను ఇచ్చినది. 2012లో వచ్చిన 3.6 వర్షను నుండి పరిమాణాలు పూర్తిగా కలవకపోయినా అడ్డువరుసను, నిలువువరుసను ఆక్టేవ్ తానే సాగదీసి లెక్కచేస్తుంది. తెలిసి వాడితే ఇది మంచి సౌకర్యం. తెలియక జరిగితే తప్పు చాలా దూరం వెళ్ళిన తరువాత గాని బయటపడదు. అందువలన మాత్రిక పరిమాణాన్ని సైజ్ అనే ప్రమేయంతో మధ్యమధ్య చూసుకోవటం మంచిది.

ఏకఘాత సమీకరణాల సాధన

రెండు పెన్నులు, ఒక పుస్తకం కలిపి 50 రూపాయలు. ఒక పెన్ను, మూడు పుస్తకాలు కలిపి 100 రూపాయలు అయితే ఒక్కొక్కదాని వెల ఎంత? దీనిని వెనుకకు వాలిన గీత (\) గుర్తుతో సాధిస్తారు:

[2 1; 1 3] \ [50; 100] జవాబు 10, 30

పెన్ను 10 రూపాయలు, పుస్తకం 30 రూపాయలు. విలోమ మాత్రికను కట్టి గుణించటం కంటే ఈ పద్ధతి వేగవంతమైనది, సాధారణంగా ఎక్కువ ఖచ్చితమైనది కూడా. జవాబును తిరిగి ప్రతిక్షేపించి చూడటం తేలిక: [2 1; 1 3] * [10; 30] అంటే 50, 100 వస్తాయి.

ఇలా ప్రతిక్షేపించి చూడటం ఎందుకు అవసరమో తరువాతి ఉదాహరణ చెబుతుంది. మొదటి తెలియని రాశికి రెండవదాని రెట్టింపును కలిపితే 3, ఆ మొత్తాన్నే రెట్టింపు చేస్తే 7 అని రెండు సమీకరణాలు ఉన్నాయనుకుందాం. 3కు రెట్టింపు 6 కాబట్టి వీటికి సాధన లేదు. అయినా [1 2; 2 4] \ [3; 7] అని అడిగితే ఆక్టేవ్ మాత్రిక అసాధారణమైనదని ఒక హెచ్చరిక చూపి, 0.68, 1.36 అనే జవాబు ఇస్తుంది. ఇది కనిష్ఠ వర్గాల పద్ధతిలో రెండు సమీకరణాలకూ వీలైనంత దగ్గరగా వచ్చే విలువ. ప్రతిక్షేపిస్తే 3.4, 6.8 వస్తాయే గాని 3, 7 రావు. హెచ్చరికను చదవకుండా దాటిపోయిన విద్యార్థి లేని సాధనను కాగితం మీద ఎక్కించుకుంటాడు. అసాధారణ మాత్రికలకు కూడా వర్తించే సాధారణీకృత విలోమాల సిద్ధాంతం ఇటువంటి జవాబులకు ఆధారం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి. ఆర్. రావు (1920–2023) ఈ అంశంపై సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి రాసిన గ్రంథం 1971లో వెలువడినది.

ఏ హెచ్చరికా రాని సందర్భం మరొకటి ఉన్నది:

[1 1; 1 1.0001] \ [2; 2.0001] జవాబు 1, 1
[1 1; 1 1.0001] \ [2; 2.0002] జవాబు 0, 2

ఒక్క సంఖ్య నాలుగవ దశాంశ స్థానంలో మారితే జవాబు మొత్తం మారిపోయినది. రెండు జవాబులూ ప్రతిక్షేపణలో సరిపోతాయి. లోపం సాఫ్టువేరులో లేదు, సమస్యలోనే ఉన్నది. ప్రయోగశాలలో కొలిచిన సంఖ్యలు నాలుగవ దశాంశం వరకు నమ్మదగినవి కాకపోతే ఈ జవాబుకు విలువ లేదు. ఇటువంటి మాత్రికలను గుర్తించటానికి కాండ్ అనే ప్రమేయం ఉపయోగపడుతుంది. అది ఇచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే జవాబు అంత సున్నితమైనది.

సంఖ్యల ఖచ్చితత్వం

ఆక్టేవ్ మామూలుగా ప్రతి సంఖ్యను 64 బిట్లలో, ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది. దీనివలన సుమారు 15, 16 అంకెల వరకే ఖచ్చితత్వం ఉంటుంది. దశాంశ పద్ధతిలో 1/3ని పూర్తిగా రాయలేనట్లే, ద్విసంఖ్యామానంలో 0.1ని పూర్తిగా రాయలేము. దాని ఫలితాలు ఇలా ఉంటాయి:

* 0.1+0.2==0.3 జవాబు 0, అనగా సమానం కాదు. తేడా సుమారు 5.55×10^-17 మాత్రమే.
* 2^53+1-2^53 జవాబు 0. కలిపిన 1 దాచటానికి చోటు చాలక పోయినది.

అందుచేత దశాంశ సంఖ్యలు రెండూ సమానమా అని అడగక, వాటి తేడా తగినంత చిన్నదా అని అడగాలి. తెరపై కనిపించే అంకెలు కూడా పూర్తి విలువ కావు. పై విలువ 3.1416 అని కనిపించినా లోపల మరిన్ని అంకెలు ఉంటాయి. ఫార్మాట్ లాంగ్ అనే ఆదేశంతో వాటిని చూడవచ్చును. తెరమీది 3.1416ను చూసి తరువాతి లెక్కలో తిరిగి టైపు చేస్తే మిగిలిన అంకెలు పోతాయి.

పేర్లు, ఫైళ్ళు, సహాయం

విలువలను పేర్లు పెట్టి దాచుకోవచ్చును. పేర్లలో చిన్న, పెద్ద రోమను అక్షరాలను వేరువేరుగా చూస్తుంది. ఆక్టేవ్‌లో ముందే ఉన్న ప్రమేయాల పేర్లను విలువలకు పెట్టకూడదు. మొత్తం కట్టే సమ్ అనే ప్రమేయం పేరుతో ఎవరైనా [10 20 30] దాచారనుకుందాం. ఆ తరువాత అదే పేరుతో [1 2 3] మొత్తం అడిగితే 6 రాదు. దాచిన వరుసలోని 1, 2, 3వ మూలకాలైన 10 20 30 వస్తాయి. క్లియర్ ఆదేశంతో ఆ పేరును తొలగిస్తే ప్రమేయం తిరిగి పనిచేస్తుంది. ప్రస్తుతం ఏయే పేర్లు దాచి ఉన్నాయో హూస్ ఆదేశం చూపుతుంది.

పెద్ద లెక్కలకు ఆదేశాలను ఒక ఫైలులో రాసుకొని నడపటం మంచిది. ఈ ఫైళ్ళ పేరు చివర చుక్క, ఎమ్ అక్షరం ఉంటాయి. శాతం గుర్తు (%) తరువాత రాసినది వ్యాఖ్యగా పరిగణింపబడుతుంది. ఏ లెక్క ఎందుకు చేశారో వ్యాఖ్యలో రాసుకుంటే కొన్నాళ్ళ తరువాత చూసినా అర్థమవుతుంది. ఏ ప్రమేయం గురించి తెలుసుకోవాలన్నా హెల్ప్ అని రాసి దాని పేరు టైపు చేయాలి. ఈ వివరణలు ఆంగ్లంలో ఉంటాయి. ప్లాట్ ఆదేశంతో గీసిన రేఖాచిత్రం కూడా తప్పులు పట్టటానికి మంచి సాధనం. సంఖ్యల వరుసలో కంటికి ఆనని లోపం గీతలో ఎత్తుగానో పల్లంగానో కనిపిస్తుంది.

మాట్‌ల్యాబ్‌తో సంబంధం

మాట్‌ల్యాబ్ కథ కూడా తరగతి గదిలోనే మొదలైనది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ 1970ల చివరలో, విద్యార్థులు ఫోర్ట్రాన్ రాయనవసరం లేకుండా మాత్రికల లెక్కలు చేసుకోవటానికి దానిని తయారుచేశాడు. 1984లో మాత్‌వర్క్స్ సంస్థ ఏర్పడి దానిని వాణిజ్య ఉత్పత్తిగా అమ్మసాగినది. మౌలికమైన ఆదేశాలు రెండింటిలోనూ ఒకే విధంగా ఉంటాయి కాబట్టి ఆక్టేవ్‌లో నేర్చుకున్నది అక్కడా పనికివస్తుంది. అయితే కొన్ని సౌకర్యాలు ఆక్టేవ్‌లోనే ఉన్నాయి. పైన చూపిన [10 20 30](2) వంటి రాత మాట్‌ల్యాబ్‌లో చెల్లదు. మాట్‌ల్యాబ్ ప్రత్యేక ఉపకరణ సంపుటాలలో కొన్నింటికి ఆక్టేవ్‌లో సమానమైనవి లేవు.

విద్యలో వాడుక

2011లో స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు ఆండ్రూ ఎన్‌జి అంతర్జాలంలో అందించిన యంత్ర అభ్యసన పాఠాలలో అభ్యాసాలకు ఆక్టేవ్‌ను వాడారు. దానితో ఇది ప్రపంచవ్యాప్తంగా ఎందరో కొత్తవారికి పరిచయమైనది. 2022లో వచ్చిన ఆ పాఠాల కొత్త రూపంలో పైథాన్ వాడారు. భారతదేశంలో ఐఐటీ బొంబాయికి చెందిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్టువేర్లపై దృశ్య పాఠాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో అందిస్తున్నది. సొంతంగా నేర్చుకునేవారు జవాబు తెలిసిన లెక్కలతో, ఉదాహరణకు ఇంటర్మీడియట్ గణిత పుస్తకంలో మాత్రికల అధ్యాయంలోని అభ్యాసాలతో మొదలుపెట్టవచ్చును. జవాబు ముందే తెలిసి ఉంటే, ఆదేశం రాయటంలో జరిగిన పొరపాటు అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* మాట్‌ల్యాబ్
* సైల్యాబ్
* మాత్రిక
* కనిష్ఠ వర్గాల పద్ధతి
* ద్విసంఖ్యామానం
* స్వేచ్ఛా సాఫ్టువేరు