పని చంపిందని ఒప్పుకోవడానికి జపాన్‌కు పట్టిన కాలం

ఒత్తిడి భరించలేక ఒక ఉద్యోగి ప్రాణం తీసుకుంటే, అది అతని సొంత నిర్ణయమేనని జపాన్ సమాజం చాలాకాలం నమ్మింది. అలాంటి చావులో దృఢ సంకల్పాన్ని చూసింది, ఒక్కోసారి క్షమాపణను కూడా చూసింది. సమురాయ్‌ల కాలం పోయినా ఆ చూపు పోలేదు. 19వ శతాబ్దం చివర పాశ్చాత్య వైద్యంతో పాటు ‘నరాల బలహీనత’ అనే జబ్బు పేరు అక్కడికి చేరింది. మొదట్లో బాగా చదువుకున్నవాళ్లకు వచ్చే గౌరవమైన జబ్బుగా చలామణీ అయిన అదే పేరు, కొన్నేళ్లకు చేతకానివాళ్ల లక్షణమైపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాన్ని నిలబెట్టే తపనలో ఎన్ని గంటలైనా ఆఫీసులో ఉండటమే మంచి ఉద్యోగి గుర్తయింది. 1969లో ఒక పత్రిక రవాణా విభాగంలో పనిచేసే 29 ఏళ్ల యువకుడు పక్షవాతంతో చనిపోయాడు. అలాంటి మరణాలను పరిశీలించిన డాక్టర్ ఉయెహాతా తెత్సునోజో వంటివారు 1970ల చివర వాటిని ‘కరోషి’ అన్నారు, అంటే అతిపని చావు. 1988లో లాయర్లు ఒక హాట్‌లైన్ తెరిస్తే, ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది భార్యలే.

గుండె ఆగిన చావుకు పరిహారం దొరకడం మొదలైంది. ఆత్మహత్య దగ్గర మాత్రం చట్టం అడ్డుపడింది. కావాలని తెచ్చుకున్న చావుకు పరిహారం లేదు. చనిపోయేనాటికి మతి పూర్తిగా పోయిందని రుజువైతేనే ఇస్తారు. మానసిక జబ్బంటేనే పరువు పోతుందనుకునే చోట, కడుపుకోతలో ఉన్న తల్లిదండ్రులు తమ బిడ్డకు పిచ్చి పట్టిందని నిరూపించాలి. ఇంతకన్నా క్రూరమైన నిబంధన ఉంటుందా?

దాన్ని కదిలించింది డెంట్సు కేసు. ఆ అడ్వర్టైజింగ్ కంపెనీలో 1990 ఏప్రిల్‌లో చేరిన యువకుడు 1991 ఆగస్టులో, 24 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. రెండో ఏడు వచ్చేసరికి కొన్ని రోజులు తెల్లవారి ఆరున్నరకో ఏడింటికో ఇంటికొచ్చి, ఎనిమిదికల్లా మళ్లీ బయల్దేరేవాడు. తల్లి బలమైన టిఫిన్ పెట్టి, కారులో స్టేషన్ దాకా దింపేది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లి గెలిచారు. కానీ 1997లో హైకోర్టు పరిహారంలో కోత పెట్టింది. అతనిది ప్రతి పనీ పూర్తిగా చేసి తీరాలనుకునే స్వభావమట. అదే ఇంట్లో ఉంటున్న తల్లిదండ్రులకు సంగతి తెలిసీ పరిస్థితి చక్కదిద్దలేదట. స్టేషన్ దాకా దింపిన ఆ తల్లిదీ తప్పేనన్నమాట! 2000 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టేసింది. ఉద్యోగుల్లో మామూలుగా కనిపించే స్వభావాన్ని నేరంగా లెక్కగట్టకూడదని, కొడుకు పనివేళలు మార్చే అధికారం తల్లిదండ్రుల చేతిలో లేదని చెప్పింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

ఈలోగా 1998లో దేశంలో ఆత్మహత్యలు ఒక్కసారిగా 24 వేల నుంచి 32 వేలు దాటాయి. ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోతున్న కాలమది. 1999లో పరిహార నిబంధనలు సడలాయి. డిప్రెషన్ మనసుకు పట్టే జలుబు లాంటిదని మందుల కంపెనీలు ప్రచారం చేశాయి. జనం డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి అది ఉపయోగపడింది గానీ, మాత్ర వేసుకుంటే పనిగంటలు తగ్గవు కదా. 2006లో ఆత్మహత్యల నివారణ చట్టం, 2014లో కరోషి నివారణ చట్టం వచ్చాయి. 2015 డిసెంబరు నుంచి 50 మంది, అంతకు మించి పనిచేసే చోట ఏటా ఒత్తిడి పరీక్ష తప్పనిసరి చేశారు.

మన దగ్గర 1860 నాటి శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని నేరస్థులుగా చూసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం వారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలంది. 2022 నుంచి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అయితే ఆ ఒత్తిడి ఆఫీసులో పుడితే యజమాని బాధ్యతేమిటో ఆ 2017 చట్టం అడగదు.

అడిగిన జపాన్‌లోనూ పోరు ముగియలేదు. 2015 డిసెంబరులో అదే డెంట్సులో 24 ఏళ్ల యువతి అలాగే చనిపోయింది. 2017లో కంపెనీకి పడిన జరిమానా 5 లక్షల యెన్‌లు. 2018లో ఓవర్‌టైమ్‌కు చట్టం పరిమితి పెట్టినా, పని ఎక్కువున్న నెలలో 100 గంటల లోపు దాకా వదిలేసింది. అతిపని చావును గుర్తించడానికి ప్రభుత్వం వాడే కొలతల్లో ఒకటి కూడా నెలకు 100 గంటలే. బిడ్డల్ని, భర్తల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఆ అంకెను గట్టిగా వ్యతిరేకించాయి. చట్టం ఆ అంకెతోనే అమల్లోకి వచ్చింది.